థైరాయిడ్ మాత్ర నరాలను తినేస్తుందా?

కుటుంబ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న ఒక సందేశం సారాంశం ఇది: థైరాయిడ్ తక్కువై మాత్ర వాడేవాళ్లకు చేతులు, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే ఆ మాత్రే నరాలను తినేస్తోంది, అది నరాల బలహీనత, మాత్ర ఆపి, పది బీ12 ఇంజెక్షన్లు చేయించుకుని, పరగడుపున ధనియాల కషాయం తాగితే 40 రోజుల్లో తిమ్మిరీ పోతుంది, థైరాయిడూ పోతుంది. తిమ్మిర్లకూ థైరాయిడ్‌కూ సంబంధం ఉందన్నంత వరకు నిజమే. అక్కడి నుంచి ప్రతి మాటా పక్కదారి పట్టింది.

"మాత్రే నరాలను తినేస్తుంది"

మన గ్రంథి తయారుచేసే థైరాక్సిన్, మాత్రలోని లీవోథైరాక్సిన్ రెండూ ఒకే పదార్థం. నరానికి చేటు చేసేది దాని కొరత. కొరత ముదిరితే చర్మం కింద, కీళ్ల చుట్టూ జిగురులాంటి పదార్థం పేరుకుని నీటిని పట్టి ఉంచుతుంది. మొహం ఉబ్బడం, గొంతు బొంగురుపోవడం దాని పనే. మణికట్టులో ఎముకలకూ, వాటి మీదున్న గట్టి పట్టీకీ మధ్య ఒక ఇరుకు దారి ఉంది. వేళ్లను ముడిచే 9 స్నాయువులు, ఒక నరం అందులోంచే వెళ్తాయి. అక్కడ వాపు చేరితే నలిగేది నరమే.

మరి మాత్ర మానేశాక హాయిగా ఉందని చెప్పేవాళ్ల సంగతేమిటి? ఒంట్లో ఉన్న థైరాక్సిన్ సగానికి తగ్గడానికే సుమారు 7 రోజులు పడుతుంది. అందుకే మొదటి రెండు వారాలు పెద్దగా తేడా తెలియదు. ఆలోపే సందేశం నలుగురికీ వెళ్లిపోతుంది. మత్తు, చలి, మలబద్ధకం, మళ్లీ తిమ్మిర్లు ఆ తర్వాత ఒక్కొక్కటే వస్తాయి. గర్భిణి మానేస్తే బిడ్డకూ ముప్పే. మోతాదు ఎక్కువైతే మాత్ర ఇబ్బంది పెడుతుంది, నిజమే. కానీ అప్పుడు కనిపించేవి చేతుల వణుకు, గుండెదడ, చెమటలు. దానికి విరుగుడు మోతాదు సరిచేయడం, మానేయడం కాదు.

"ఇది నరాల బలహీనత"

తెలుగులో నరం అనే మాటతో చేయించని చాకిరీ లేదు. సెలైన్ ఎక్కించేటప్పుడు దొరకనిదీ నరమే, పిక్కల మీద ఉబ్బి తేలేదీ నరమే, గోడల మీది ప్రకటనల్లో నరాల బలహీనత అంటే ఇంకేదో. జబ్బు పేరుగా మాత్రం దేనికీ పనికిరాదు. అడగాల్సింది ఏ వేళ్లు, ఏ వేళప్పుడు అని.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం మొద్దుబారి, చిటికెన వేలు బాగానే ఉంటే అది మణికట్టులో నలుగుతున్న నరం. థైరాయిడ్ తక్కువైనవాళ్లలో తరచుగా కనిపించే నరాల సమస్య ఇదే. అర్ధరాత్రి మెలకువ వస్తుంది, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది. బండి నడిపేటప్పుడు, ఫోను పట్టుకున్నప్పుడు ఎక్కువవుతుంది. ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది: రెండు చేతుల వెనకవైపులు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు కిందికి వేలాడేలా మణికట్లు వంచి 60 సెకన్లు ఉంచండి. ఆ వేళ్లలోనే తిమ్మిరి మొదలైతే అనుమానం బలపడినట్టే. నిర్ధారణకు నరాల వేగం కొలిచే ఎన్‌సీఎస్ పరీక్ష ఉంది. బొటనవేలి మొదట్లో ఉండే కండ పల్చబడుతుంటే ఆలస్యం చేయకూడదు. ఒకసారి అరిగాక ఆ కండ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

రెండు అరికాళ్లలో మొదలై మెల్లగా పైకి పాకే తిమ్మిరి వేరు. చాలాకాలం మందు పడకపోతే థైరాయిడ్ కూడా దాన్ని తెస్తుంది, కానీ ముందు అనుమానించాల్సింది షుగర్‌ను. ఇక పిక్కలు పట్టేయడం, కింద కూర్చుంటే లేవలేకపోవడం నరాల బాధ కాదు, కండరాలది. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే సీపీకే చూస్తే తెలుస్తుంది. థైరాయిడ్ తక్కువైతే కొలెస్ట్రాల్ పెరుగుతుంది. థైరాయిడ్ సరిచేయకుండా కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మొదలుపెడితే ఈ కండరాల నొప్పులు ఇంకా పెరిగే ప్రమాదం ఉంది.

"పది బీ12 ఇంజెక్షన్లు చాలు"

సందేశంలో కొంత పస ఉన్న చోటు ఇదొక్కటే. సొంత రోగనిరోధక శక్తే థైరాయిడ్‌ను దెబ్బతీసినవాళ్లలో కొందరికి, కడుపు బీ12ను పీల్చుకోనివ్వని జబ్బు కూడా జతకడుతుంది. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవాళ్లలో, శాకాహారుల్లోనూ బీ12 తగ్గుతుంది. ఆ లోటు కాళ్ల తిమ్మిరి, తూలుడు తెస్తుంది. అయితే పరీక్షకు రక్తం ఇచ్చాకే ఇంజెక్షన్ వేయించుకోవాలి. ముందే పొడిపించుకుంటే రిపోర్టులో అంకె పెరిగిపోయి అసలు లోటు ఉందో లేదో తేలదు. లోటు లేనివాళ్ల మణికట్టుకు మాత్రం ఆ పది ఇంజెక్షన్లు చేసేదేమీ లేదు.

మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే నరాల మాత్రల్లో రెండు చిక్కులున్నాయి. ఒకటి బీ6: ఎక్కువ మోతాదులో నెలల తరబడి మింగితే అదే అరికాళ్ల తిమ్మిరి తెస్తుంది. పెద్దలకు రోజుకు 100 మి.గ్రా. మించొద్దని అమెరికా పరిమితి. ఐరోపా 2023లో దాన్ని 25 నుంచి 12 మి.గ్రా.కు దించింది. డబ్బా మీద పైరిడాక్సిన్ (బీ6 అసలు పేరు) ఎంతుందో చూడండి. రెండోది బయోటిన్ అనే విటమిన్. జుట్టు రాలుతోందని థైరాయిడ్ రోగులు ఎక్కువగా వాడేది ఇదే. కొన్ని ల్యాబు యంత్రాల్లో ఇది టీఎస్‌హెచ్‌ను (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) లేనంత తక్కువగా, టీ4ను (థైరాక్సిన్) ఎక్కువగా చూపిస్తుంది. ఆ రిపోర్టు చూసి మోతాదు ఎక్కువైందనుకుని తగ్గిస్తే తిమ్మిర్లు పెరుగుతాయి, నింద మాత్ర మీద పడుతుంది! పరీక్షకు కనీసం 2 రోజుల ముందు బయోటిన్ ఆపండి.

"ధనియాల కషాయం"

అందులో థైరాక్సిన్ లేదు. ఇష్టమైతే మాత్ర వేసుకున్న గంట తర్వాత తాగండి.

"40 రోజుల్లో పోతుంది"

40 రోజులకు టీఎస్‌హెచ్ కూడా స్థిరపడదు. మోతాదు మార్చాక 6 నుంచి 8 వారాలకు పరీక్షిస్తే అంకెను నమ్మొచ్చు. నరం కోలుకోవడానికి నెలలు పడుతుంది. ఈలోగా మాత్ర ఒంటికి పట్టేలా చూసుకోవాలి: పరగడుపున మంచినీళ్లతో, కాఫీ టిఫిన్లకు 30 నుంచి 60 నిమిషాల ముందు, క్యాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల ఎడం. మణికట్టుకు రాత్రిళ్లు స్ప్లింట్ (చేతిని కదలకుండా పట్టి ఉంచే రేకు పట్టీ) కట్టుకోండి. షాపులో దొరికేవాటిలో రేకు పైకి వంగి ఉంటే తీసి, చదును చేసి మళ్లీ దూర్చండి. చెయ్యి తిన్నగా ఉన్నప్పుడే నరం మీద ఒత్తిడి తక్కువ. ఆరు వారాలు చూసినా తగ్గకపోతే మణికట్టులో స్టెరాయిడ్ ఇంజెక్షన్, తర్వాత చిన్న ఆపరేషన్ ఉన్నాయి.

టీఎస్‌హెచ్ సరిగ్గా ఉండి కూడా తిమ్మిరి వదలకపోతే థైరాయిడ్‌ను వదిలి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), బీ12, మెడ ఎముకలు చూడాలి. ఒక పక్క చెయ్యి, మూతి ఉన్నట్టుండి పడిపోతే అది పక్షవాతం, ఆ క్షణమే ఆసుపత్రికి. చిటికెన వేలి వైపు మొద్దుబారి, ఒంటి మీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ కూడా ఉంటే కుష్ఠు ఉందేమో చూపించుకోవాలి. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దాని మందులు ఉచితం.