ఈ ఉగాదికి కుర్చీలు తీసేద్దాం

మొన్న మన సంఘం ఉగాది మీటింగులో గంటన్నర చర్చ కుర్చీల మీదే నడిచింది. ముందు వరస స్పాన్సర్లకా, అతిథులకా? రిబ్బను ఎక్కడి దాకా కట్టాలి? వింటూ ఉంటే నాకు ఇరవై మూడేళ్ళ వయసులో జర్మనీలోని కొలోన్‌లో ఆడిన కార్నివాల్ అనే వీధి పండగ గుర్తొచ్చింది. ‘చూసిన’ అనలేను. అక్కడ ఊరికే నిలబడి చూడనివ్వరు. టికెట్ కొన్నవాళ్ళకు సీట్లున్నాయి గానీ, మేం స్టూడెంట్లం, మాది రోడ్డే.

2004 ఫిబ్రవరి. చదువుకుంటూ ఒక ఆఫీసులో పార్ట్‌టైమ్ చేసేవాణ్ణి. ఆ గురువారం, అన్నయ్య పెళ్ళికి కొన్న సిల్కు టై కట్టుకుని వెళ్ళాను. అది ఆడవాళ్ళ కార్నివాల్ రోజని, టై కనిపిస్తే కత్తిరిస్తారని నాకెవరూ చెప్పలేదు. రిసెప్షన్‌లో ఒక పెద్దావిడ ఉండేది, నోరు విప్పితే రూల్సే. ఆవిడ మంత్రగత్తె టోపీతో వచ్చి, కసక్కున టై సగానికి కోసి, బుగ్గ మీద ముద్దు పెట్టి చక్కా పోయింది. మిగిలిన ముక్క ఇంకా నా దగ్గరుంది. అన్నయ్యకు ఇప్పటికీ చెప్పలేదు.

సోమవారం పెద్ద ఊరేగింపు. వేషం లేకుండా వస్తే నన్నే వింతగా చూస్తారన్నాడు రూమ్మేటు. కొనడానికి డబ్బుల్లేవు. అమ్మ సూట్‌కేసులో పెట్టిన పంచె తీసి థర్మల్ ప్యాంటు మీద కట్టాను, కండువా తలకు చుట్టాను. ఎర్ర ముక్కు పెట్టుకున్న ఒక ముసలాయన ఎగాదిగా చూసి, ఎవరి వేషం ఇది అని అడిగాడు. మా తాత వేషం అన్నాను. పకపకా నవ్వి, తన గొడుగు తిరగేసి ఓ పక్క నన్ను పట్టుకోమన్నాడు. "కామెల్లె!" అని అరిస్తే బళ్ళ మీద నుంచి మిఠాయిలు విసురుతారు. భోగిపళ్ళు పోసినట్టు నెత్తిన రాలాయి. నేల మీద పడ్డవి ఏరుకోవడానికి మొదట అభిమానం అడ్డొచ్చింది. అయిదు నిమిషాలే. తర్వాత ఓ ఆరేళ్ళ పిల్లతో పోటీపడి ఏరాను.

నాకు బాగా నచ్చింది మాత్రం వెక్కిరింత. ఈ ఊరేగింపుకు 1823లో ఒక పద్ధతి ఏర్పడింది. అప్పుడు ఊరు ప్రష్యా అనే జర్మన్ రాజ్యం ఏలుబడిలో ఉంది. ఎర్ర యూనిఫాం వేసుకున్న ఉత్తుత్తి సైనికులు ఒకరికొకరు వీపులు తిప్పి, పిరుదులు రాసుకుంటూ డాన్సు చేస్తారు. ప్రష్యా కవాతుకు అది సమాధానం. బళ్ళ మీద దేశనాయకుల బొమ్మలు, ఎవరినీ వదలరు. ఉత్సవాన్ని ఏలేది యువరాజు, రైతు, కన్య. కన్య వేషం మగవాడిదే. తిరుపతి గంగమ్మ జాతరలో చీర కట్టిన మగవాళ్ళను చూసినవాణ్ణి, నాకది కొత్తగా అనిపించలేదు.

మంగళవారం అర్ధరాత్రి బార్ల ముందు గడ్డిబొమ్మను తగలబెడతారు. దాని పేరు నుబ్బెల్. "డబ్బులన్నీ తాగి తగలేసిందెవరు?" అని ఒకడు అరుస్తాడు, "నుబ్బెల్!" అని అందరూ. నా టై పాపం కూడా వాడి ఖాతాలోనే వేశాను.

తాగుడు సంగతి దాచను. చీకటిపడితే కొన్ని వీధుల్లో ముక్కు మూసుకోవాల్సి వచ్చేది. అది మనకొద్దు.

కానీ వేషాలు కట్టి వీధిలో ఊరేగుదామంటే "అది మన సంస్కృతి కాదు" అని మీటింగులో ఒకరన్నారే, అక్కడే నాకు పేచీ. పగటివేషాలు ఎవరివి? పులివేషం, కొమ్మదాసరి, పిట్టలదొర ఎవరివి? కోతలు కోసి దొరలనే నవ్వుల పాలు చేసిన పిట్టలదొర వారసులం, ఇవాళ ముఖ్య అతిథికి శాలువా కప్పి ముప్పావుగంట ఉపన్యాసానికి చప్పట్లు కొడుతున్నాం. మన పిల్లలు వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్నారంటే తప్పు వాళ్ళది కాదు. వాళ్ళకు మనం కుర్చీ ఇచ్చాం, వేషం ఇవ్వలేదు.

నేనడిగేది ఒక్క గంట. స్టేజీ ప్రోగ్రాం మొదలయ్యే ముందు, డప్పులతో, వేషాలతో హాలు చుట్టూ వీధిలో ఊరేగుదాం. అధ్యక్షులవారి మీద కూడా ఒక బొమ్మ చేద్దాం, ఆయన నవ్వుతారనే నా నమ్మకం. సిటీ పర్మిషన్ ఫారాలు నేనే నింపుతాను. గంగిరెద్దు వేషానికి ముందు కాళ్ళుగా మా అబ్బాయి ఒప్పుకున్నాడు. వెనక కాళ్ళు ఇంకా ఖాళీ.