ఒత్తు కాస్తా చుక్కయింది

పద్నాలుగేళ్ల కిందట ఎడమ మణికట్టు లోపలివైపు ‘అమ్మ’ అని టాటూ వేయించుకున్నాను. బొటనవేలి గోరంత సైజు. వేసినాయన కాగితం మీద రాసిచ్చింది చూసి, "దీన్ని రెండింతలు చేద్దాం" అన్నాడు. నేనే వినలేదు. చిన్నగా, ముద్దుగా ఉండాలన్నాను. ఉంది కూడా, మొదటి రెండు మూడేళ్లు. ఇప్పుడు ‘అ’ లోపలి మెలిక పూడుకుపోయింది. ‘మ’ కింద ఒత్తు నల్లటి చుక్కలా మిగిలింది. మొన్న ఒకాయన నా చేయి పట్టుకుని చూసి, "ఈ పుట్టుమచ్చ డాక్టరుకి చూపించారా?" అని అడిగాడు. పుట్టుమచ్చ కాదండీ, మ ఒత్తు అని చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, వచ్చే నెలలో పద్దెనిమిది నిండే మా అమ్మాయి ‘ధైర్యం’ అని వేలి పక్కన సన్నగా రాయించుకుంటానంది. ఇంట్లో పెద్ద చర్చ. వేయించుకోవచ్చా, కూడదా అని గంటసేపు. నాకు ఆ చర్చే దండగ అనిపించింది. ఆ వయసు పిల్లలు మనతో ముందుగా చెప్పడమే గొప్ప. మనం అడగాల్సింది వేరే ఉంది. ఎంత సైజు? ఎక్కడ? పదేళ్లకి ఎలా కనిపిస్తుంది? టాటూ ముసలితనం సగానికి పైగా అది వేయించుకున్న రోజే ఖాయమైపోతుందని నా అభిప్రాయం. తర్వాత మనం రాసే క్రీములు చేసేది చాలా తక్కువ.

టాటూ అంటే గోడమీద రంగులాంటిదని అనుకుంటాం. కాదు. పైచర్మం ఇంచుమించు నెలకోసారి రాలి కొత్తది వస్తుంది కాబట్టి, ఇంకు దాని కింది పొరలోకి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకి దిగాలి. అక్కడ మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు ఆ ఇంకుని మింగి, అరిగించుకోలేక అలాగే పట్టుకుని కూర్చుంటాయి. అవి చనిపోయాక ఇంకు బయటపడుతుంది, కొత్తగా వచ్చిన కణాలు దాన్ని మళ్లీ మింగుతాయి. 2018లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ పరిశోధకులు ఎలుకల మీద ఈ సంగతి చూపించారు. అంటే మన ఒంటిమీద బొమ్మ ఏళ్ల తరబడి చేతులు మారుతున్న సరుకన్నమాట. ఇంకు కొద్దికొద్దిగా పక్కలకి జరుగుతుంది, కొంత లింఫు గ్రంథులకి చేరుతుంది. గీత లావెక్కుతుంది, అంచు మసకబారుతుంది. సూది మరీ లోతుకి దిగితే ఇంకు మొదట్లోనే కొవ్వుపొరలో చెదిరి, చుట్టూ నీలిమచ్చలా కమ్ముకుంటుంది. దాన్ని ఏ క్రీమూ బాగుచెయ్యలేదు.

నల్ల ఇంకు చర్మంలోంచి చూస్తే కాస్త నీలంగా, పచ్చగా కనిపిస్తుంది. చర్మంలో వెలుగు చెదిరే తీరు వల్ల వచ్చే మార్పు అది. పచ్చబొట్టు అన్న మాట పుట్టినప్పుడు మనవాళ్లు సూది ముంచిన రంగుని కాదు, మానాక కనిపించిన రంగునే చూసి ఉంటారనిపిస్తుంది.

ఇక మన అక్షరాల సంగతి. తెలుగు లిపి అంతా గుండ్రాలు, మెలికలు, ఒత్తులు. అందం అక్కడే ఉంది, ప్రమాదమూ అక్కడే. గీత రెండింతలు లావైతే ముందు మూసుకుపోయేవి లోపలి ఖాళీలే. ‘ద’కీ ‘ధ’కీ తేడా కింద చిన్న గీత. ‘ప’కీ ‘ఫ’కీ అంతే. గుడికీ గుడిదీర్ఘానికీ మధ్య ఒక్క మెలిక. మా అమ్మాయి ఎంచుకున్న మాటలో ఇలాంటి చిక్కులు వరసగా ఉన్నాయి: ధ కింది గీత, దాని కిందే ఐత్వం, పక్కన య ఒత్తు, చివర సున్న. వేలి పక్కన అర అంగుళంలో ఇవన్నీ ఇరికిస్తే కొన్నేళ్లకి ‘ధైర్యం’ కాస్తా ‘దైర్యం’ అవుతుంది, ఆ తర్వాత ఏ భాషో చెప్పలేం.

చోటు కూడా చూసుకోవాలి. వేళ్లు, అరచేతులు, పాదాల పక్కలు నిత్యం రాపిడిలో ఉంటాయి, అక్కడ ఇంకు సరిగా నిలవదు. భుజం దగ్గర చేయి, వీపు నయం. రంగుల్లో నలుపుదే రాజ్యం. పసుపు, తెలుపు, లేత రంగులు ముందు వెలిసిపోతాయి. పైగా మన చామనఛాయకి కారణమైన మెలనిన్ ఎక్కువగా పైపొరలో, ఇంకుకి పైన ఉంటుంది. గోధుమరంగు అద్దం వెనక బొమ్మ పెట్టినట్టు. స్క్రీన్‌మీద చూసి మురిసిపోయిన లేతరంగు డిజైన్ మన చేతిమీద అలా రాదు. అందుకే ఆర్టిస్టుని నిన్న వేసిన టాటూల ఫొటోలు కాదు, అయిదారేళ్ల కిందట వేసినవి, మన రంగు చర్మంమీదవి చూపించమనాలి. ఆ ఫొటోలు లేవంటే నేనైతే వేరేచోటికి వెళ్తాను.

వేయించుకున్నాక అసలు శత్రువు ఎండ. అతినీలలోహిత కిరణాలు ఇంకు రేణువుల్ని విరగ్గొడతాయి. "మనది ఎలాగూ నల్లచర్మమే, ఎండ ఏం చేస్తుందిలే" అనేవాళ్లలో నేనూ ఒకణ్ని. బండి నడిపేటప్పుడు నా ఎడమ చేయి ఎండలో ఎన్నివేల గంటలుందో లెక్కలేదు. ఎస్‌పీఎఫ్ 30 తగ్గని సన్‌స్క్రీన్ రాసుకోవాలి, బయట తిరుగుతుంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. అయితే పచ్చిపుండు మీద రాయకూడదు. పైకి మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, అప్పటిదాకా వదులు బట్టతో కప్పడమే. ఆ రోజుల్లో ఈత వద్దు, నీళ్లలో నానబెట్టొద్దు, చెక్కు గిల్లొద్దు. చెక్కుతోపాటు ఇంకూ ఊడొస్తుంది. తర్వాత వాసనలేని మామూలు మాయిశ్చరైజర్ చాలు. పొడిబారిన చర్మం కింద బొమ్మ మసకగా కనిపిస్తుంది కాబట్టి రాయడం మంచిదే, కానీ అది అద్దం తుడవడం లాంటిది, లోపలి గీతని సన్నం చెయ్యదు.

మసకబారింది కదా అని ఊరికే టచప్‌కి పరిగెత్తడం నాకు నచ్చదు. వెలిసిన రంగుకి పనికొస్తుంది గానీ, ఇప్పటికే లావెక్కిన గీతమీద మళ్లీ ఇంకు పోస్తే అది ఇంకా లావవుతుంది. చెరిపించుకోవాలంటే లేజర్ ఉంది, వారాల ఎడంతో చాలా సిట్టింగులు కావాలి, మన రంగు చర్మంమీద తెల్లమచ్చో నల్లమచ్చో మిగిలే అవకాశం ఉంది. అన్నట్టు, నిజమైన పుట్టుమచ్చమీద మాత్రం టాటూ వేయించుకోకండి. అది మారితే ఆ మార్పు కనిపించకుండా పోతుంది.

1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన ఓట్జీ అనే మనిషి దేహం దాదాపు 5,300 ఏళ్ల నాటిది. దానిమీద 61 టాటూలు లెక్కపెట్టారు. మంచు కాపాడిందనుకోండి. కానీ ఆ బొమ్మలు చూడండి: వరసగా గీతలు, అక్కడక్కడా ఇంటూ గుర్తులు. అన్నీ నల్లటివే, మూసుకుపోవడానికి లోపల ఒక్క మెలిక లేదు.

మా అమ్మాయికి ఉపన్యాసం ఇవ్వలేదు. తను కోరిన సైజులోనే మాటని ప్రింటు తీసి, లావుపాటి స్కెచ్ పెన్నుతో దానిమీదే దిద్దమన్నాను. పదేళ్ల తర్వాత గీత అంత లావుంటుందనుకో అన్నాను. దిద్ది, కాగితం దూరంగా పెట్టి చూసుకుంది. మర్నాడు ఇంకో ప్రింటు తెచ్చింది, రెండంగుళాలు. వేలు మానేసి భుజం కిందికి మార్చింది. ఐత్వం, ధ కింది గీత తగులుకోకుండా ఎంత ఎడం ఉండాలన్న దగ్గర ఇద్దరం ఇంకా తేల్చుకోలేదు. వాళ్లమ్మ మాత్రం, మీ నాన్న చేతిమీద ఉన్నది చదవగలిగిన రోజు వేయించుకో అంటోంది.