క్లబ్‌హౌస్ వైద్యమండలి తీర్పు

బెంగళూరులో మారతహళ్ళి మొదలుకొని వైట్‌ఫీల్డ్ వరకు తెలుగువాళ్ళున్న ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఒక వైద్యమండలి వెలసిన సంగతి పాఠకులకు తెలియనిది కాదు. ఆదివారం సాయంత్రం క్లబ్‌హౌస్‌లో కొలువుతీరే ఆ మండలి దగ్గర ఏడీహెచ్‌డీకి, అంటే పిల్లలకు ఏకాగ్రత నిలవని, కుదురు చిక్కని సమస్యకు, ఉన్న పరీక్ష ఒక్కటే: "ఫోన్ ఇస్తే గంటసేపు కదలకుండా చూస్తాడా? అయితే జబ్బూ లేదు, గిబ్బూ లేదు, వట్టి పొగరు."

ఇంత సులువైన పరీక్ష ఉండగా, 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం వెలువరించిన డీఎస్ఎం-5 అనే మానసిక సమస్యల నిర్ధారణ గ్రంథం ఎంత దండగ పని! పిల్లల్లో కనీసం 6 లక్షణాలు 6 నెలలపాటు కనిపించాలట, కొన్నయినా 12 ఏళ్ళ లోపే మొదలై ఉండాలట, ఇంట్లోనూ బడిలోనూ కూడా ఇబ్బంది పెట్టాలట. క్షణానికో కొత్త బొమ్మ చూపే తెరకు ఈ పిల్లలు అతుక్కుపోవడం మామూలేననీ, చిక్కంతా వెంటనే ఫలితం కనబడని పనిలో మనసు నిలపడంలోనే ఉందనీ వైద్యులు చెబుతారు గానీ, మండలికి అంత ఓపికగా వినే ఏకాగ్రత లేదు.

మొన్న నాలుగో తరగతి కుర్రవాడొకడి విచారణ జరిగింది. కూడిక గుర్తును తీసివేతగా చదవడం, వారానికో వాటర్ బాటిల్ పారేసుకోవడం, ప్రశ్న పూర్తికాకముందే జవాబు అరవడం అభియోగాలు. డైరీలో టీచరు ఎర్రసిరాతో రాసిన "కేర్‌లెస్" అన్న మాట సాక్ష్యం. నెల్లూరు నుంచి వచ్చిన నాయనమ్మగారు మనవడి పక్షాన లేచి, "వీళ్ళ నాన్న కూడా అచ్చం ఇంతేనయ్యా, ఇంజనీరు కాలేదా?" అన్నారు. ఈ సమస్యలో వంశపారంపర్యం పాత్ర ఎక్కువన్న శాస్త్రాన్ని ఆవిడ అలా ఒక్క వాక్యంలో బలపరిచి, దాన్నే సమస్య లేదనడానికి రుజువుగా సమర్పించారు. మండలి చప్పట్లు కొట్టింది. ఆ ఇంజనీరుగారు మాత్రం కాలు ఊపుతూ, కారు తాళం ఎక్కడ పెట్టానా అని జేబులు తడుముకుంటున్నారు.

"మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివండీ?" అన్నారు అధ్యక్షులవారు. లండన్‌లో జార్జ్ స్టిల్ అనే వైద్యుడు ఇలాంటి పిల్లల గురించి ఉపన్యసించింది 1902లో. అధ్యక్షులవారి రోజులు అంతకు మునుపటివి కాబోలు. వయసు బొత్తిగా తెలియనివ్వరు.

ఆడపిల్లల కేసులు మండలి ముందుకు రానే రావు. కిటికీ పక్కన నోరు మెదపకుండా కూర్చుని, పాఠం మధ్యలో ఎక్కడికో వెళ్ళిపోయే పిల్ల ఎవరికీ అల్లరి కాదు కనుక ఎవరికీ పట్టదు. ఆమెకు "మొద్దు" అని పేరు పెట్టేసి ఏళ్ళ తరబడి అలాగే వదిలేశారు. చూపు, వినికిడి, నిద్ర సరిగా ఉన్నాయా అని కూడా ఒక్కరూ అడగలేదు. ఇదే ఊళ్ళో, హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ అనే జాతీయ మానసిక వైద్య సంస్థ ఉంది. అందులో పిల్లల మనోవైద్య విభాగం ఉంది. అక్కడికి వెళితే పరువు పోతుందట! పిల్ల బాల్యం పోయినా ఫరవాలేదా?

ఇక ఆ నాలుగో తరగతి కుర్రవాడి మీద చివరి తీర్పు: "నాలుగు తగిలించండి, వాడే దారికొస్తాడు." బడిలో పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. చట్టం మాట అటుంచండి. కుదురుగా కూర్చోవడం చేతకాక తల్లడిల్లుతున్న తొమ్మిదేళ్ళవాణ్ణి కొట్టమని చెప్పడానికి మీకు నోరెలా వచ్చిందండీ? దెబ్బలకు అంత మహిమే ఉంటే, ముందు మీ షుగరుకూ బీపీకీ ఆ వైద్యం చేయించుకోండి.