బాబు ఏ క్లాసండీ?

విజయవాడ బీసెంట్ రోడ్డులో నలభై ఆరేళ్ల మగవాడు ఏం కొనుక్కున్నా ఎవరూ పట్టించుకోరు. కుక్కర్ గ్యాస్కెట్ కొనుక్కోవచ్చు. ఆషాఢం సేల్లో తనకు పట్టని చొక్కాలు మూడు కొనుక్కుని, ఎప్పటికైనా తగ్గకపోతానా అని బీరువాలో దాచుకోవచ్చు. యో-యో మాత్రం కొనుక్కోకూడదు.

నేను కొనబోయాను.

అటక సర్దుతుంటే, చిన్నప్పుడు మా మేనమామ కొనిచ్చిన ఎర్ర ప్లాస్టిక్ యో-యో పాత రేడియో వెనకాల దొరికింది. రెండు చిప్పల మధ్య చుట్టి వేలికి తగిలించుకునే దారం ఎలకలు తినేశాయి. ఒక చిప్ప పగిలింది. అయినా చేతిలోకి తీసుకోగానే మధ్యవేలు తనంతట తానే చాచుకుంది. ఇంట్లో నా మాట ఇంత వెంటనే విన్న అవయవం ఈ మధ్య ఇదొక్కటే.

ఏం కొనాలో నాకు బాగా తెలుసు, అదీ నా బాధ. మళ్లీ మొదలుపెట్టేవాడికి కావలసింది లాగితే పైకొచ్చే యో-యో. రెస్పాన్సివ్ అంటారు. చిప్పల మధ్య సందు ఇరుగ్గా ఉంటుంది. వేలితో చిన్నగా గుంజితే దారం ఒక్క క్షణం వదులై, లోపలి పట్టీలకి రాసుకుని చుట్టుకుంటుంది, యో-యో చేతికొస్తుంది. రెండో రకం అన్‌రెస్పాన్సివ్. సందు వెడల్పు, బేరింగు నున్నగా జారిపోయేది. కృష్ణలో గాలం వేసినవాడిలా సాయంత్రం దాకా గుంజుతూ కూర్చున్నా పైకి రాదు. దారాన్ని మడిచి సందులోకి తోసి 'బైండ్' చేస్తేనే వస్తుంది. అది పోటీల్లో ఆడేవాళ్ల సరుకు. ఇక ఆకారమంటారా, దారం మీదికి దించే ఆటలకి సీతాకోకచిలుక రెక్కల్లా చిప్పలు బయటికి విచ్చుకున్నది మేలు. నాకు అలాంటి ప్లాస్టిక్ ముక్క ఒకటి చాలు.

"యో-యో ఉందాండీ?"

"ఉంది సార్. బాబు ఏ క్లాసండీ?"

నాకే అనబోయాను. పక్కనే ఒకావిడ క్యారమ్ బోర్డు బేరమాడుతోంది. స్టూలు మీద రిటైరైన లెక్చరర్‌లా కనిపించే పెద్దాయన కూర్చున్నాడు. ఇద్దరూ తలెత్తి చూశారు. "ఎనిమిదండీ" అన్నాను. అలా ఓ మంగళవారం సాయంత్రం, నొప్పుల్లేకుండా, నాకు పదమూడేళ్ల కొడుకు పుట్టాడు.

"ఎనిమిదా! ఎనిమిదిలో యో-యో ఏంటి సార్? ఫౌండేషన్లో వెయ్యలేదా?"

"వేశామండీ."

"ఏ బ్యాచ్?"

బ్యాచీలుంటాయని నాకు తెలీదు. "మామూలు బ్యాచే" అన్నాను.

కొట్టు నిశ్శబ్దమైపోయింది. ఆవిడ క్యారమ్ బోర్డు కింద పెట్టేసింది. "మామూలు బ్యాచ్ అంటే ఎలాగండీ? మా చెల్లెలి కొడుకుని ఆరులోనే స్పెషల్ బ్యాచ్‌లోకి మార్పించాం. అప్పుడే మార్చకపోతే ఇంక ఎక్కలేడండీ" అంది. ఆ గొంతులో ఉన్నది నిజమైన జాలి.

"లెక్కల్లో ఎంతొస్తున్నాయి?" పెద్దాయన అడిగాడు.

"డెబ్బై."

ఇంటికెళ్లాక దీని గురించి చాలాసేపు ఆలోచించాను. అబద్ధపు కొడుకే కదా, తొంభై ఎనిమిది వేసుకుంటే నా సొమ్మేం పోయింది? కానీ నోరు పెగల్లేదు. నా రక్తం కదా, డెబ్బై దాటడని నాకు తెలుసు.

అక్కణ్ణుంచి నా ప్రమేయం పోయింది. ఇంటి నుంచి పంపితే లాభం లేదు, హాస్టల్లో వెయ్యాలని పెద్దాయన తేల్చాడు. ఊళ్లో వద్దు, ఊరి బయట క్యాంపస్ అయితే ధ్యాస చెదరదని ఆవిడ. పొద్దున్నే ఐదింటికి లేపేస్తారు, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్లని కొట్టాయన. "మరి నిద్ర?" అన్నాను. తండ్రి మనసు. ముగ్గురూ నన్ను చూసి నవ్వారు. "నిద్రదేముంది సార్, ర్యాంకొచ్చాక పోతాడు."

ఆ తరవాత కొట్టాయన పైఅర మీంచి వెండిరంగు డబ్బా దించాడు. దాని మీద మెరిసే అక్షరాలతో 'ప్రో'.

"లాగితే పైకొస్తుందాండీ?"

"ఎందుకు రాదు సార్! అల్యూమినియం. ఛాంపియన్లు వాడేది."

"బిగినర్ది లేదా?"

"బిగినర్ది ఎవరడుగుతారు సార్? తెచ్చినా ఎవరూ కొనరు. ప్రోతో మొదలెడితే నయం కదా."

సరిగ్గా ఈ మాటకే నాకు ఒళ్లు మండింది. 1928లో కాలిఫోర్నియాలో యో-యో కంపెనీ పెట్టిన ఫిలిప్పీన్స్ మనిషి పెడ్రో ఫ్లోరెస్ అమ్మింది జనం లాగితే పైకొచ్చే సరుకే. యో-యో అన్న మాట ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదని 1965లో అమెరికా కోర్టు తీర్పిచ్చింది. 'ప్రో' అన్న మాట మీద కూడా మన గవర్నర్‌పేటలో ఎవరైనా ఒక కోర్టు కూర్చోబెడితే బాగుండు. ఈ ఊళ్లో ఎవరూ మొదలుపెట్టరు. అందరూ మధ్యలోంచే పుడతారు. 1974లో నిక్సన్, సాక్షాత్తూ అమెరికా అధ్యక్షుడు, నాష్‌విల్‌లో స్టేజీ ఎక్కి జనం ముందు రాయ్ అకఫ్ అనే గాయకుడి దగ్గర యో-యో పాఠం చెప్పించుకున్నాడు. రాదని ఒప్పుకోడానికి ఆయనకి నామోషీ లేదు. ఆ ఆగస్టులో ఆయన పదవి పోయిందనుకోండి, అందులో యో-యో తప్పేం లేదు.

ఇంత తెలిసీ ఆ ప్రోనే కొన్నాను. 1,150 రూపాయలు. డెబ్బై మార్కుల వెధవకి బిగినర్ది కూడా కొంటే ఆ ముగ్గురి ముందు వాడి పరువేం కావాలి?

ఇంటికొచ్చి దారం కొలిచాను. యో-యోని నేలకానించి, దారం నిటారుగా పైకి లాగి, బొడ్డుకి కాస్త పైన కత్తిరించాలి. కత్తెర పట్టుకోమని మా ఆవిణ్ణి పిలిచాను. "బొడ్డు ఎక్కడుందో మీరు చూపించండి, అక్కడ కత్తిరిస్తా" అంది. వెతుక్కుని కత్తిరించాక విసిరాను. వెళ్లింది. గుంజాను. రాలేదు. కింద గుండ్రంగా, ప్రశాంతంగా, ఛాంపియన్‌లా తిరిగి తిరిగి ఆగిపోయి వేలాడింది.

వేలాడుతున్న దాన్ని చూస్తుంటే ఆ కొట్టు గుర్తొచ్చింది. యో-యోలో మొట్టమొదట నేర్చుకునే విద్య పేరు స్లీపర్. కింద, దారం చివర, దాన్ని తిరుగుతూ నిద్రపోనివ్వడం. అది నిద్రపోతేనే 'కుక్కని నడిపించడం', 'ఉయ్యాల ఊపడం' లాంటి ఆటలైనా. అందుకే దారాన్ని ఇరుసుకి ముడెయ్యరు, ఉచ్చులా తగిలించి వదిలేస్తారు. ముడేస్తే నిద్రపోదు, విసిరిన వెంటనే పరిగెత్తుకొచ్చేస్తుంది. ప్లాస్టిక్ ముక్క విషయంలో ఇంత ఆలోచించారు మనుషులు.

నా కొడుకు లేనే లేడు. అయినా పావుగంటలో ముక్కూ మొహం తెలీని ముగ్గురు వాడి నిద్ర తీసేశారు, ఇల్లు తీసేశారు. వాడికి యో-యో ఆడటం వచ్చా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఇక ఉన్న పిల్లల మాటేంటి? ఊరికి కూతవేటులో కొండపల్లి. అక్కడ పొణికి చెక్కతో తరతరాలుగా చేసిన బొమ్మలు మన హాల్లో అద్దాల బీరువాలో ఉన్నాయి, పిల్లలు హాస్టల్లో ఉన్నారు. ఆ హాస్టల్ గదుల్లోంచి వచ్చే వార్తలు పేపర్లో చదువుతాం, అయ్యో అంటాం, పేజీ తిప్పి కాఫీ చల్లారిందని గొడవపడతాం. సిగ్గు లేదు మనకి. నాకసలే లేదు. ఇంటర్ రెండేళ్లూ కూతుర్ని అలాంటి గేటు లోపల వదిలి, ఆదివారం ఆదివారం క్యారేజీ పట్టుకెళ్లి, చెట్టు కింద అది తింటుంటే "వీకెండ్ టెస్టులో ఎంతొచ్చింది?" అని అడిగినవాణ్ణి నేను. ముద్ద నోట్లో ఉండగా అడిగాను. కూర బాగుందా అని అడగొచ్చు కదా.

సరే. తరవాత ఆన్‌లైన్లో ప్లాస్టిక్‌ది, సీతాకోకచిలుక రకం, తెప్పించుకున్నాను. లాగితే వస్తోంది. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన రోజూ ఇరవై నిమిషాలు. మొన్నటికి స్లీపర్ నాలుగు సెకన్లు నిలిచింది, ఐదో సెకనుకి నా మోకాలికి తగిలింది.

నిన్న అలంకార్ సెంటర్లో కొట్టాయన ఎదురుపడ్డాడు. బండి ఆపాడు.

"ఏం సార్, బాబు ఎలా ఉన్నాడు?"

"హాస్టల్లో వేసేశామండీ."

"మంచి పని చేశారు. మరి ఆ యో-యో?"

"గేటు దగ్గరే తీసేసుకున్నారండీ."

"మంచి క్యాంపసే సార్ అయితే" అని, బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు.