అతికించుకున్న మీసం

(హైదరాబాద్, బంజారాహిల్స్. ఒక చిన్న హాలులో ప్రదర్శన ముగిసింది. అద్దం ముందు మీసం తీసుకుంటున్న అమ్మాయితో, నలభై ఏళ్లు పద్యనాటకాలాడిన పెదనాన్న మాట్లాడుతున్నారు.)

పెదనాన్న: వేషం మార్చడం నాకు కొత్త కాదమ్మా. స్థానం నరసింహారావు గారి సత్యభామను తలచుకుని చేతులు జోడించే తరం మాది. అయితే ఆ వేషం పాత్ర కోసం వేసింది, తెర పడగానే దిగిపోయేది. మగవేషం కట్టి ఆడే మీ డ్రాగ్ కింగ్ ప్రదర్శనలో కథ లేదు, మగవాడిలా కనిపించడమే పనిగా ఉంది.

అమ్మాయి: పాత్ర ఉంది పెదనాన్నా. నేను చూపించింది ఊళ్లో తగువులు తీర్చే ఒక పెద్దమనిషిని. కాళ్లు ఎంత ఎడంగా పెట్టి కూర్చుంటాడో, ఆడవాళ్లు మాట ముగించకముందే చెయ్యెత్తి ఎలా ఆపుతాడో నెల రోజులు గమనించి నేర్చుకున్నాను. ఆ దర్జా పుట్టుకతో వచ్చేదే అయితే నాకు నెలలో ఎలా అబ్బింది? స్త్రీ పాత్రలతోనే పేరు తెచ్చుకున్న స్థానం వారికి 1956లో పద్మశ్రీ ఇచ్చి గౌరవించుకున్నాం, ఆడపిల్ల మీసం పెడితే మాత్రం దీనికేమైందని అడుగుతున్నాం.

పెదనాన్న: మీ అమ్మ అదే అడుగుతోంది. నువ్వు మగవాడిగా మారిపోతావేమోనని ఆమెకు నిద్ర పట్టడం లేదు.

అమ్మాయి: నేను ఆడపిల్లనే. నాతో వేదిక మీద ఆడిన స్నేహితుడిని పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాశారు కానీ, తాను మగవాడినని అతనికి చిన్ననాటి నుంచీ తెలుసు. ఈ మీసం నాకు వేషం, అతనికి సొంత ముఖం. ఎవరి జెండర్‌ను వారే చెప్పుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు కూడా అంది.

పెదనాన్న: తీర్పులతో మనసులు మారవు. జనాన్ని మెల్లగా వెంట తీసుకుపోవాలి.

అమ్మాయి: ఎంత మెల్లగా? ఆడబట్టలతో వీధిలో కనిపించినా, ఆడి పాడినా హిజ్రాలను వారంటు లేకుండా పట్టుకోవచ్చని ఈ ఊళ్లోనే, నిజాం కాలంలో 1919లో చట్టం చేశారు. దాన్ని మన హైకోర్టు కొట్టివేసింది 2023లో. ఆ నూరేళ్లూ ఆ చట్టం కింద బతికినవాళ్లకు ఎవరు సమాధానం చెబుతారు?

పెదనాన్న: (ఆమె పైపెదవి మీద కందిన చోటు చూసి) అలా లాగకు, తోలు లేచిపోతుంది. కొబ్బరినూనె రాసి, గమ్ము నానాక అంచు నుంచి తియ్యాలి. నీతో నేనింకా ఒప్పుకోలేదు. కానీ మీ అమ్మతో నువ్వే వచ్చి చెప్పు, నేను పక్కన కూర్చుంటాను.