ఈ బర్రె ఎవలది?

నిన్నటి నుంచి నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్ వైపు పోవడం మానేశాను. పాలప్యాకెట్‌కు కూడా చుట్టు తిరిగి పోతున్నాను.

నేను గీస్తున్నది పెద్దల బొమ్మల కథ. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం మీద పొద్దంతా కదలకుండా నిలిచే నీడను చూసినప్పుడు పుట్టింది. నీడ కదలనప్పుడు రోజు మాత్రం ఎందుకు కదలాలి? ఒక గుమస్తాకు అదే మంగళవారం మళ్ళీ మళ్ళీ తెల్లవారుతుంది. తెల్లారినప్పుడల్లా వాడు కొంచెం కొంచెం బర్రె అవుతుంటాడు. పాపం, స్నానం చేసి తువ్వాలతో బయటికొచ్చే వేళకే రోజు మొదలవుతుంది. అందుకే తోక మొలిచిన పేజీ నుంచి అది పెద్దల కథ.

ఇందులో కష్టమంతా మారనివాటితోనే. గోడ గడియారం 6:10, చాయ్ గ్లాసు, కిటికీ నీడ వెంట్రుకవాసి జరగొద్దు. గదిని ఒక లేయర్‌లో ఒకేసారి గీసి 12 పేజీలకూ కాపీ కొట్టి, పై లేయర్‌లో మనిషిని మారుస్తాను. మొదటి పేజీకీ రెండో పేజీకీ తేడా ఏమిటంటే చెవులు బియ్యపుగింజంత సాగుతాయి, అంతే.

పబ్లిషర్ గారికి ఫోన్‌లో చూస్తే కండ్లు నొస్తాయట, కలర్ ప్రింట్లే కావాలట. పెన్‌డ్రైవ్ పట్టుకుని నిన్న క్లాక్‌టవర్ దగ్గరి జిరాక్స్ షాపుకు పోయాను.

కాసేపటికి లోపలి నుంచి పిల్లగాడు ఒక కాగితం పైకెత్తి అరిచాడు: "ఈ బర్రె ఎవలది?"

నా నోరు పెగల్లేదు. ముందు ఆధార్ కాపీలకు వచ్చిన ముగ్గురు ఆడవాళ్ళు, వెనుక పాసుపుస్తకంతో ఒక పెద్దాయన. కాగితం మీదేమో తువ్వాల జారుతోంది. (ఆ ముడతల కోసం తలుపు గొళ్ళానికి తువ్వాల వేలాడదీసి రెండు రాత్రులు చూశాను.) గోడ మీది లామినేషన్ రేట్లు శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను. బందెలదొడ్డిలో పడ్డ పశువులా నా బర్రె చేతులు మారి పెద్దాయన దగ్గర ఆగింది. ఆయన తువ్వాల వంక చూడనే లేదు. మూతి చూశాడు.

"బర్రెకు పైన ముందుపండ్లుంటయా? గీసినోడు జన్మల బర్రెను చూడలే."

అంతటితో ఊరుకున్నాడా? తన నోరే తెరిచి, వేలు పెట్టి చూపించాడు. "కింద ఎనిమిది, పైన ఉత్త చిగురే. అంగట్ల గా కింది పండ్లు చూసే వయసు చెప్తం. వీడు ఎన్ని పండ్ల మీదున్నడో ఎట్ల తెలియాలె?"

"కొమ్ములైతే మంచిగున్నయి," అంది ఒకామె.

మెచ్చుకుంటే ఆగే ప్రాణమా ఇది? "నాదే," అనేశాను.

అందరూ నన్ను చూశారు, కాగితం చూశారు, మళ్ళీ నన్ను చూశారు. గుమస్తా మొహానికి అద్దంలో నా మొహమే చూసి గీశానని అప్పుడు గుర్తొచ్చింది.

పిల్లగాడు మూడే పేజీలు చేతిలో పెట్టాడు. మిగతా తొమ్మిదేవి?

"అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయన్నా. డబుల్ పడ్డయనుకొని తీసేసిన. నీ పైసలే మిగిలినయి."

మనిషి, తువ్వాల, బర్రె. మూడు నెలల కథ! మళ్ళీ తీయమంటే కలర్ ఇంకు అయిపోయిందట, రేపు పొద్దుగాల రావాలట. రేపంటే మంగళవారం.

రాత్రంతా కూర్చుని పై పండ్లు తుడిచాను. ఇన్ని నెలల్లో పబ్లిషర్ గారు ఆ పండ్ల గురించి ఒక్క మాట అనలేదు. తువ్వాల ఇంకాస్త జారాలని మాత్రం రెండుసార్లు ఫోన్ చేశారు.