ముందు ఆయిల్ చూడాలి కదా
ఆటోమేటిక్ బండిలో గేరు ఆలస్యంగా పడుతోందంటే గేర్‌బాక్స్ పోయినట్టేనని మీ పోస్టులో రాశారు, నేనొప్పుకోను. మాది జయపురం, పదహారేళ్ల ఆటోమేటిక్ బండి. సాలూరు నుంచి వస్తూ సుంకి ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ రొద పెరుగుతోందే గానీ బండి ముందుకు లాగట్లేదు. మొదటి మెకానిక్ బాక్స్ దించాల్సిందే అన్నాడు. రెండో ఆయన ఇంజన్ వేడిగా, ఆన్‌లో ఉండగానే గేర్‌బాక్స్ ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల (డిప్‌స్టిక్) తీసి తెల్లగుడ్డకు తుడిచాడు. ఆయిల్ ఎర్రగానే ఉంది, మాడు వాసన లేదు, కానీ పుల్ల కొసకే అంటింది, అంటే ఆయిల్ తగ్గిపోయింది. చూస్తే రేడియేటర్ దగ్గర ఆ ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ పైపు క్లిప్పు వదులై కారుతోంది. క్లిప్పు మార్చి, ఆ బండికి చెప్పిన ఆయిలే లీటరున్నర పోశాక అదే ఘాట్‌లో మొరాయించలేదు. (కొన్ని కొత్త బండ్లకు డిప్‌స్టిక్కే ఉండదు, అదో గోల.) ఆయిల్ నల్లబడి మాడు కంపు కొడితే మాత్రం మీరన్నట్టు గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్లు పోయాయేమోనని అనుమానించాల్సిందే.